హరికి: ఫోర్క్‌లిఫ్టా, క్రేనా

నాయనా హరీ,

గోడౌన్‌లో సరుకు ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్ బండి నేర్చుకోవాలా, క్రేన్ వైపు పోవాలా అని మొన్న ఫోన్లో అడిగావు, ఆలోచించి చెప్తా అన్నాను. నలుగురినీ అడిగాను, మీ చిన్నాయనతో మాట్లాడాను, ఈ కంప్యూటర్ లెక్కలు తెలిసిన మీ మామ కొడుకుతో కూడా కూర్చున్నాను. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నా. వాట్సాప్‌లో వచ్చిందని సగం చదివి పక్కన పెట్టొద్దు, షిఫ్ట్ దిగి రూముకొచ్చాక నిదానంగా చదువు.

ముందు నా మాట చెప్పేస్తా, కారణాలు తర్వాత. గోడౌన్‌లో వాళ్లే ఫోర్క్‌లిఫ్ట్ నేర్పిస్తామంటున్నారు కాబట్టి నేర్చుకో, సర్టిఫికెట్ చేతికి తీసుకో. అక్కడే పదేళ్లు గడిపేద్దామని మాత్రం అనుకోవద్దు. రెండు మూడేళ్లలో మొబైల్ క్రేన్ మీదికి, అంటే సైటు సైటుకూ తిరిగే క్రేన్ మీదికి మారాలి. క్రేన్ అంటే అన్ని క్రేన్లూ కాదురా, అక్కడే ఉంది అసలు విషయం.

ఫోర్క్‌లిఫ్ట్ పని మిషన్ల చేతికి పోయే అవకాశం 93 శాతం అని ఎవరో చెప్తే నువ్వు టెన్షన్ పడుతున్నావు కదా, ఆ సంగతి మీ మామ కొడుకు విడమరిచి చెప్పాడు. 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఫ్రే, ఆస్బర్న్ అని ఇద్దరు, అమెరికాలో ఉన్న 702 రకాల పనులు తీసుకొని, వాటిలో ఏది కంప్యూటర్ చేతికి పోయే అవకాశం ఎంత ఉందో అంచనా కట్టారు. ఫోర్క్‌లిఫ్ట్ లాంటి బండ్లు నడిపే పనికి 93 శాతం వచ్చింది. నీకు ఎవరో అంతవరకే చెప్పారు. అదే పట్టికలో క్రేన్ పనికి 90 శాతం ఉంది, అది చెప్పలేదు. ఆ మూడు శాతం తేడా చూసి బతుకు నిర్ణయం చేసుకునేది ఉండదు కదా. ఇంకో సంగతి, ఆ లెక్క కట్టి పదేళ్లు దాటింది, అమెరికాలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లు తగ్గలేదు, పెరిగారు. జనం ఆన్‌లైన్లో కొనడం మొదలుపెట్టాక గోడౌన్లు పెరిగాయి, వాటితో పాటే వీళ్లూ పెరిగారు. అయినా ధీమాగా కూర్చోమని చెప్పను. అమెజాన్ వాళ్లు 2012లో కీవా అనే రోబోల కంపెనీని 77.5 కోట్ల డాలర్లకు కొన్నారు, 2025 నాటికి తమ గోడౌన్లలో రోబోలు పది లక్షలకు చేరాయని వాళ్లే ప్రకటించారు. మనుషులూ పెరిగారు, రోబోలూ పెరిగాయి. కాబట్టి ఏ శాతాన్నీ పట్టుకొని వేలాడొద్దు, పని ఎట్లా జరుగుతుందో చూడు.

నీ గోడౌన్ ఫ్లోర్ ఒకసారి బాగా చూడు. నున్నటి కాంక్రీటు, పసుపు గీతలు, ర్యాకులకు నంబర్లు, సరుకు పేర్చే ప్రతి ప్యాలెట్ చెక్కకూ బార్‌కోడ్, అన్ని ప్యాలెట్లూ ఒకే సైజు. ఎండా వానా గాలీ లోపలికి రావు. డ్రైవర్ లేని బండికి ఇంతకంటే ఏం కావాలి? ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో ముందే కంప్యూటర్‌లో రాసి ఉంది, నువ్వు చేస్తున్నది ఆ రాసిన దాన్ని అమలు చేయడమే. ఇక లారీలోపలికి ఎక్కి విరిగిన ప్యాలెట్ కింద ఫోర్కులు జాగ్రత్తగా దూర్చి తీయడం, మూటలు పక్కకి జారిపోయిన లోడు దించడం, ఇవి ఇంకా మనిషికే ఉన్నాయి. అందుకని అక్కడ ఉన్నన్నాళ్లూ ర్యాకుల మధ్య తిరిగే పని కన్నా లారీ డాక్ దగ్గర పని అడిగి వేయించుకో. కష్టం ఎక్కువే, కానీ అది త్వరగా పోయే పని కాదు.

మరి మన దగ్గర ఇంకా రోబోలు ఎందుకు రాలేదంటావా? అక్కడక్కడా వచ్చాయి, పెద్ద కార్ల ఫ్యాక్టరీల్లో, పెద్ద గోడౌన్లలో. మిగతా చోట్ల రాకపోవడానికి కారణం చెప్తే బాధగా ఉంటుంది, అయినా నువ్వు తెలుసుకోవాలి. డ్రైవర్ లేని ఫోర్క్‌లిఫ్ట్ ఖరీదు మామూలు బండికి ఎన్నో రెట్లు. అమెరికాలో ఫోర్క్‌లిఫ్ట్ మనిషికి ఏడాదికి 40 వేల డాలర్లు దాటి ఇవ్వాలి, అదే బండి మూడు షిఫ్టులు తిరగాలంటే ముగ్గురు మనుషులు కావాలి, కాబట్టి అక్కడ రోబో ఖరీదు కొన్నేళ్లలో తిరిగి వచ్చేస్తుంది. ఇక్కడ నీకు ఇచ్చే జీతానికి ఆ లెక్క అంత త్వరగా కుదరదు. అంటే నీ జీతం తక్కువ కాబట్టే నీ ఉద్యోగం నిలబడింది. జీతం పెంచమని అడిగిన ప్రతిసారీ ఆ రోబో ఒక అడుగు దగ్గరికి వస్తుంది. అట్లాంటి పనిలో ఎంత బాగా చేసినా పైకి ఎదగడం కష్టం, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే.

ఇప్పుడు క్రేన్ల సంగతి. నేను ఎర్రగుంట్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు ఈఓటీ క్రేన్, అంటే షెడ్డు పైన పట్టాల మీద కరెంటుతో నడిచే క్రేన్, నడిపానని నీకు తెలుసు, ఆ పని ఏందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. పైన పట్టాల మీద క్రేన్, దాని కింద తాళ్లకు వేలాడుతూ సరుకును పిడికిలిలా పట్టే గ్రాబ్ బకెట్, కింద సిమెంట్‌గా నూరే క్లింకర్ గడ్డలు, జిప్సం కుప్పలు. ఆ కుప్పలోంచి తీసుకొని మిల్లు హాపర్‌లో పోయాలి. ఎండాకాలంలో రేకుల కింద ఆ క్యాబిన్‌లో కూర్చుంటే పైనుంచి ఎండ, కిందనుంచి క్లింకర్ వేడి. కష్టమంతా బకెట్ ఊగడం దగ్గర వస్తుంది. క్రేన్ ఆపితే బకెట్ ఆగదు, ముందుకు ఊగుతుంది. కొత్తవాడు దాన్ని ఆపాలని వెనక్కి లాగుతాడు, ఇంకా ఎక్కువ ఊగుతుంది. చెయ్యి తిరిగినవాడు బకెట్ ఎటు ఊగిందో అటే క్రేన్‌ని కొంచెం నడిపి సరిగ్గా దాని నెత్తి మీదికి తీసుకుపోతాడు, అంతే, బకెట్ నిలబడిపోతుంది. అది చేతికి రావడానికి నెలలు పడుతుంది. నాకు అది వచ్చిన రోజు మేస్త్రీ నాకు టీ ఇప్పించాడు.

ఇప్పుడు ఆ పనే క్రేన్ మోటార్లను నడిపే డ్రైవ్ ప్యానెల్ చేస్తుంది. తాడు పొడవు ఎంత, వేగం ఎంత అని చూసుకొని ఊగకుండా తనే ఆపుతుంది. కొత్తగా కట్టే ప్లాంట్లలో అయితే ఆ క్రేనే లేదు, కుప్ప పోసే స్టాకర్, కుప్పలోంచి తీసే రీక్లెయిమర్ మిషన్లు పెట్టి కంట్రోల్ రూమ్ నుంచి నడుపుతారు. వర్క్‌షాప్‌లో, మెయింటెనెన్స్‌లో ఉండే ఈఓటీ క్రేన్లకు రేడియో రిమోట్ వచ్చింది, ఫిట్టర్ తన నడుముకి కట్టుకొని కింద నుంచే ఎత్తుకుంటాడు, దించుకుంటాడు. క్యాబిన్‌లో మనిషి అక్కర్లేదు. రిమోట్ వల్ల మంచి కూడా జరిగింది, ఆ వేడిలో ఎవడూ ఉడకాల్సిన పని లేదు, లోడు దగ్గరే నిలబడి చూస్తాడు కాబట్టి ప్రమాదాలూ తగ్గుతాయి. అందుకే నేను దాన్ని తిట్టను. కానీ క్రేన్ ఆపరేటర్ అని ఒక ప్రత్యేకమైన ఉద్యోగం అక్కడ పోయింది, ఆ పని ఫిట్టర్ పనిలో కలిసిపోయింది. నీ ఫోర్క్‌లిఫ్ట్ ఫ్లోర్ ఎట్లాంటిదో నా పట్టాలూ అట్లాంటివే. రోజూ అదే దారి, అదే కుప్ప, అదే హాపర్. పని రోజూ ఒకే చోట ఒకే తీరుగా జరుగుతుంటే మిషన్ పేరు ఏదైనా గానీ అది మనిషి చేతిలో ఎక్కువ కాలం ఉండదు.

ఓడరేవుల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. హాలండ్‌లో రోటర్‌డ్యామ్ పోర్టులో 1993లోనే డ్రైవర్ లేని బండ్లతో కంటైనర్లు మోయించారు, నువ్వు పుట్టకముందు మాట ఇది. మన దేశంలో కేరళలో విళింజం పోర్టు 2025 మేలో ప్రారంభమైంది, అక్కడ యార్డు క్రేన్లలో మనిషి ఉండడు, కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ల ముందు కూర్చొని నడుపుతారు, అవసరమైతే ఒకరే ఒకటి కంటే ఎక్కువ క్రేన్లు చూసుకోవచ్చు. ఆ సీట్లలో చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు కూడా పనిచేస్తున్నారు, వాళ్లలో మత్స్యకారుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. ఈ మాట విని మీ అమ్మ చాలా సంతోషపడింది, మీ చెల్లెలికి కూడా చెప్పమంది. నీకు ఎందుకు చెప్తున్నానంటే, అక్కడ ఆపరేటర్ పని పూర్తిగా పోలేదు, మారింది. నిచ్చెనెక్కి క్యాబిన్‌కి పోయేవాడి బదులు కంప్యూటర్ తెలిసినవాళ్లు వచ్చారు, సీట్లు తగ్గాయి.

సరే, మరి మొబైల్ క్రేన్ ఎందుకు వేరే? అనంతపురం జిల్లాలో గాలిమరలు నిలబెట్టే పనిలో మీ చిన్నాయన రిగ్గర్‌గా, అంటే క్రేన్‌కి లోడు కట్టేవాడిగా, చేశాడు కదా, ఆయన చెప్పింది వింటే నీకే తెలుస్తుంది. ఒక్కో టర్బైన్‌కి స్థలం వేరు. ఒకటి గుట్ట మీద, ఒకటి శనగ చేలో, ఒకటి వంక పక్కన. పదుల టన్నుల నాసెల్‌ని, అంటే మర తలకాయ పెట్టెని, వంద మీటర్ల పైకి ఎత్తి బోల్టు రంధ్రాలకు సరిగ్గా కూర్చోబెట్టాలి. గాలి ఎక్కువైతే బ్లేడు ఎత్తరు, మన జిల్లాల్లో గాలి ఉందనే కదా అక్కడ మరలు పెట్టేది, అందుకని తెల్లవారుజామున గాలి తగ్గేదాకా ఎదురుచూస్తారు.

ఆయన చెప్పిన వాటిలో ఒకటి నా మనసులో నిలిచిపోయింది. నల్లరేగడి చేలో క్రేన్ నిలబెట్టి, అది ఒరగకుండా పక్కలకు ఆనించే అవుట్‌రిగ్గర్ కాళ్లు చాపాలి. నేల చూడ్డానికి చదునుగా గట్టిగానే ఉంది. ఆపరేటర్ కిందికి దిగి చుట్టూ తిరిగాడు, ఒక చోట గడ్డి మిగతా చోట్ల కన్నా పచ్చగా ఉండడం చూశాడు. గొర్రెలు మేపుకుంటున్న ముసలాయన్ని పిలిచి, తాతా, ఇక్కడ ముందు ఏముండేది అని అడిగాడు. బావి ఉండేది నాయనా, పూడ్చేశారు అన్నాడు ఆయన. క్రేన్‌ని అక్కడి నుంచి జరిపి, కింద స్టీలు ప్లేట్లు పరిచి, అప్పుడు ఎత్తారు. క్రేన్‌లో ఉండే లోడ్ ఇండికేటర్ బరువు ఎంతో చెప్తుంది, బూమ్, అంటే క్రేన్ చెయ్యి, ఎంత వంగిందో చెప్తుంది, ఎక్కువైతే కూతపెట్టి ఆపేస్తుంది. క్రేన్ కాలి కింద పూడ్చిన బావి ఉందని మాత్రం చెప్పదు. జాగా మారిన ప్రతిసారీ ఇట్లాంటిది ఏదో ఒకటి కొత్తగా ఉంటుంది, అందుకే ఆ సీటులో మనిషిని తీసెయ్యడం కష్టం. ఎప్పటికీ తియ్యలేరని నేను అనను. కింద కూర్చొని టవర్ క్రేన్ నడపడం ఇప్పటికే వచ్చింది. కానీ నీ వయసుకు, నీ ముందున్న పాతికేళ్లకు, ఫోర్క్‌లిఫ్ట్, మొబైల్ క్రేన్ రెండిట్లో ఏది నిలబడుతుందంటే మొబైల్ క్రేనే అంటాను.

ఇక జీతం. అమెరికాలో క్రేన్ వాళ్లకు ఫోర్క్‌లిఫ్ట్ వాళ్ల కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు వస్తుంది, ఏడాదికి 60 వేల డాలర్లు దాటి. ఇంకో తేడా చూడు, అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లు ఏడెనిమిది లక్షల మంది ఉంటే క్రేన్ నడిపేవాళ్లు యాభై వేల లోపే. పని నేర్చినవాళ్లు తక్కువ కాబట్టి రేటు ఎక్కువ. మన వైపు నేను విన్నంతలో గోడౌన్ ఫోర్క్‌లిఫ్ట్‌కి నెలకు పదిహేను నుంచి ఇరవై వేలు, ఓటీ కలిస్తే ఇంకొంచెం. చిన్న క్రేన్ మొదలుపెట్టిన కొత్తలో దాదాపు అంతే ఇస్తారు, అందుకే చాలామంది పిల్లలు తేడా ఏముందిలే అని ఊరుకుంటారు. తేడా ఐదారేళ్ల తర్వాత వస్తుంది. బూమ్ పొడుగ్గా సాగే పెద్ద టెలిస్కోపిక్ క్రేన్, చెయిన్ పట్టాల మీద నడిచే క్రాలర్ క్రేన్ చేతికొచ్చినవాడు దానికి రెండింతలు పైనే అడుగుతాడు, ఇస్తారు కూడా. ఫోర్క్‌లిఫ్ట్ మీద పదేళ్లవాడికీ మూడేళ్లవాడికీ జీతంలో పెద్ద తేడా ఉండదు, నీ షెడ్డులోనే అడిగి చూడు.

కానీ నెల జీతం ఒక్కటే చూసి లెక్క కట్టొద్దు, చాలామంది పొరపడేది ఇక్కడే. గోడౌన్ జీతం పన్నెండు నెలలూ వస్తుంది. క్రేన్ వాడికి సైట్ ఉంటే డబ్బు, సైట్ అయిపోయి ఇంకోటి దొరికేదాకా ఇంట్లో కూర్చోవాలి, వానాకాలంలో పని మందగిస్తుంది. రోజు ఖర్చుకి బేటా ఇస్తారు గానీ తిండి, గుడిసె లాంటి రూము నీదే. నీకు ఇప్పుడు పీఎఫ్ కోస్తున్నారు, ఇరవై ఒక్క వేల లోపు జీతం కాబట్టి ఈఎస్ఐ కూడా ఉంది. మీ అమ్మ ఆపరేషన్ ఈఎస్ఐ కార్డు మీదే అయింది, దాని విలువ మనింట్లో అందరికీ తెలుసు. చిన్న క్రేన్ ఓనర్ల దగ్గర అవేవీ ఉండవు. అందుకని క్రేన్‌లో చేరేటప్పుడు జీతం ఎంత అని అడిగే ముందు, పీఎఫ్ కడతావా, ఇన్సూరెన్స్ ఉందా, సైట్ లేని నెలలో సగం జీతమన్నా ఇస్తావా, ఈ మూడూ అడుగు. నోటిమాట కాదు, కాగితం మీద.

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్తున్నా, పాత హైడ్రా మీదికి, అంటే లోడు వేలాడదీసుకొని నడిచే ఆ చిన్న క్రేన్ మీదికి పోవద్దు. త్వరగా పని దొరుకుతుంది, రేపే రమ్మంటారు, అయినా వద్దు. దాంట్లో ముందు బూమ్ అడ్డంగా ఉంటుంది, లోడు పట్టుకొని నడిచే హెల్పర్ ఆపరేటర్‌కి సరిగ్గా కనపడడు. నేల ఎగుడుదిగుడుగా ఉండి ఆ పిల్లోడి కాలు జారితే టైరు కిందికే. అందుకే పెద్ద కంపెనీలు చాలా చోట్ల పాత హైడ్రాని గేటు దాటనివ్వడం లేదు, ముందు వైపు బాగా కనపడే కొత్త రకం తెమ్మంటున్నాయి. డబ్బు తక్కువైనా ఫర్వాలేదు, నీ చేతి కింద ఒక మనిషి నలగడం అనేది మన ఇంటికి వద్దు.

చిన్నాయన కొడుకు కువైట్ రమ్మంటున్నాడు కదా, ఆ దారి కూడా ఆలోచించాను. మన రాజంపేట, రాయచోటి వైపు నుంచి పోయినవాళ్లలో ఎక్కువ మంది ఇంటి పనికీ డ్రైవింగ్‌కీ పోయారు. నువ్వు పది పాసయ్యావు కాబట్టి పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర, అంటే పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు, ఉండదు, అది నీకు మంచిదే. గల్ఫ్‌లో ఆయిల్ కంపెనీల సైట్లలో క్రేన్ ఎక్కాలంటే బయటి సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చిన సర్టిఫికెట్ చూపించాలి, ఊరికే నడపడం వచ్చంటే చాలదు. ఆ సర్టిఫికెట్ ఉన్నవాడికీ లేనివాడికీ జీతం వేరు, మర్యాద కూడా వేరు. కాబట్టి ఇప్పుడే పోవద్దు. ఇక్కడ క్రేన్ నేర్చుకొని, పరీక్ష రాసే స్థితికి వచ్చాక పో, అప్పుడు నేనే టికెట్ కొనిస్తా.

ఇప్పుడు వెంటనే చేయాల్సినవి. ఫోర్క్‌లిఫ్ట్ ట్రైనింగ్‌లో చేరు. బండి మీద ఉండే కెపాసిటీ ప్లేటు చదవడం నేర్చుకో, మూడు టన్నుల బండి అంటే లోడు బరువు ఫోర్కుల మొదలు నుంచి అరమీటరు దూరంలో ఉంటేనే మూడు టన్నులు, లోడు ముందుకు పోయేకొద్దీ ఎత్తగలిగేది తగ్గుతుంది. నీ షెడ్డులో దాన్ని ఎవరూ చదవరని నాకు తెలుసు, నువ్వు చదువు. ఎందుకంటే క్రేన్ ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తగలదో చెప్పే లోడ్ చార్ట్ కూడా ఇదే సూత్రం, కాకపోతే అక్కడ తేడా ఇంకా భయంకరంగా ఉంటుంది. 14 టన్నుల క్రేన్ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది, బూమ్ పూర్తిగా చాపితే అందులో నాలుగో వంతు కూడా ఎత్తలేదు. ఈ చార్ట్ చదవడం వచ్చినవాడే ఆపరేటర్, లివర్లు లాగడం ఎవడికైనా వస్తుంది.

బైకు లైసెన్స్ ఒకటే ఉంది నీకు, ఈ నెలలోనే లైట్ మోటార్ లైసెన్స్‌కి అప్లై చెయ్యి. అది తీసుకొని ఏడాది గడిస్తేనే హెవీకి అర్హత, ఆ ఏడాది నీ గోడౌన్ ఉద్యోగంతో పాటే గడిచిపోతుంది. ఆ తర్వాత సరాసరి సీటు ఇస్తామన్నా ఎక్కొద్దు, ముందు రిగ్గర్‌గా ఆరునెలలన్నా చెయ్యి. లోడుకి చుట్టే స్లింగ్ తాడు ఏ కోణంలో కడితే దాని మీద ఎంత బరువు పడుతుందో, అరిగిన తాడు ఎట్లా ఉంటుందో, తాడుని కొక్కేనికి కలిపే షాకిల్ పిన్ను పూర్తిగా బిగించకపోతే ఏమవుతుందో కింద నిలబడితేనే తెలుస్తుంది. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ అని ఒకటి ఉంది, క్రేన్ ఆపరేటర్ పనికి వాళ్ల పరీక్ష, సర్టిఫికెట్ ఉన్నాయి, దగ్గరలో సెంటర్ ఎక్కడుందో కనుక్కో. నీకు ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఉంది, దాన్ని మరిచిపోవద్దు. సెన్సార్ పాడైతే, హైడ్రాలిక్ గొట్టం కారితే మెకానిక్ కోసం రెండు రోజులు చూసే ఆపరేటర్ కన్నా, తనే దిగి ఏం జరిగిందో చెప్పగలిగేవాణ్ణి ఏ ఓనరూ వదులుకోడు.

మీ అమ్మ క్రేన్ అంటేనే వద్దంటోంది. పైన ఏముందో కింద ఏముందో అని ఆమె భయం. నేను ఒప్పిస్తాలే, కానీ నువ్వు కూడా ఆమెతో విడిగా మాట్లాడు, హైడ్రా ఎక్కనని నీ నోటితో చెప్పు. జేజికి మోకాళ్ల నొప్పులు అట్లాగే ఉన్నాయి, నువ్వు పంపిన ఆయింట్‌మెంట్ అయిపోయింది.

గాలిమరల క్రేన్ కాంట్రాక్టర్ నీకు నంబర్ ఇచ్చాడన్నావు కదా, అది నాకు పంపు. వాళ్ల దగ్గర ఇప్పుడు చేస్తున్న ఇద్దరు ముగ్గురితో చిన్నాయన మాట్లాడతాడు, జీతాలు టయానికి ఇస్తున్నారా లేదా తెలుసుకుంటాం. నీ పోయిన నెల జీతం స్లిప్పు కూడా ఫోటో తీసి పంపు, పీఎఫ్ నిజంగా కడుతున్నారో లేదో చూద్దాం.

మీ నాయన